మెదక్ చర్చి - కరువు పనులు

మెదక్ చర్చి పేరు వినని తెలుగువారు అరుదు. అది కరువు రోజుల్లో లేచిన కట్టడమని మాత్రం చాలామందికి తెలియదు. కరువంటే ఏమిటో ఎరిగిన మన చిలమత్తూరు ప్రాంతం వారికి ఆ చరిత్ర పరాయిది కాదు.

దీనిని కట్టించిన చార్లెస్ వాకర్ పోస్నెట్ ఇంగ్లండుకు చెందిన వెస్లియన్ మెథడిస్టు బోధకుడు. 1895లో సికిందరాబాదుకు వచ్చి, మొదట తిరుమలగిరిలో బ్రిటిష్ సిపాయిల మధ్య పనిచేశారు. మరుసటి సంవత్సరం నిజాం రాజ్యంలోని మెదక్ చేరారు. ఆయన సోదరి ఎమిలీ కూడా అక్కడికే వచ్చి స్త్రీల మధ్య సేవ చేశారు. భార్య పేరు ఫిలిస్. వీరి కుమారుడు రిచర్డ్ 1919లో నీలగిరి కొండల్లోని కోటగిరిలో జన్మించాడు. పెద్దవాడై బెలీజ్, బెర్ముడాలకు గవర్నరుగా పనిచేశాడు.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆ ప్రాంతాన్ని కరువు పట్టింది. పోస్నెట్ ఊరక దానం చేయక, చర్చి నిర్మాణంలో పని కల్పించి తిండి పెట్టారని ప్రతీతి. 1914లో మొదలైన పని పదేళ్ళు సాగింది. 1924 డిసెంబరు 25న ప్రారంభోత్సవం జరిగింది. చర్చి పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గంట గోపురం ఎత్తు 175 అడుగులు. సుమారు 5,000 మంది ఒకేసారి ప్రార్థన చేయవచ్చు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన తర్వాత ఇది మెదక్ అధ్యక్ష మండలానికి ప్రధాన దేవాలయమైంది. 2024లో నూరేళ్ళు నిండాయి.

పనికి కూలి, కూలికి తిండి అన్న ఆలోచన మన ప్రాంతానికీ క్రొత్త కాదు. జాతీయ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న ప్రారంభమైనది అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. అంతకు ముందునుంచీ కరువు పనుల్లో కట్టలు పోసినవారు, కంకర కొట్టినవారు మన పల్లెల్లో ఎందరో!

మెదక్‌లో పోస్నెట్ పేరు నిలిచింది. రాళ్ళు మోసిన కూలీల పేర్లు అంతగా వినబడవు. మన ప్రాంతపు కట్టలకూ, రోడ్లకూ అదే గతి పట్టరాదు. ఆనాడు మస్టరు రోలు వ్రాసినవారు, కొలతలు తీసినవారు మన సభ్యుల్లోనే ఉన్నారు. ఏ కట్ట ఏ కరువులో పడిందో, ఏ ఊరివారు పోశారో జ్ఞాపకమున్నంతవరకు వ్రాసి ఉంచవలసిందిగా మనవి. హైదరాబాదులో పిల్లల వద్దకు వెళ్ళినవారు సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని మెదక్‌ను కూడా చూసి రాగలరు.