గొర్రెతోలు ఫ్లయింగ్ జాకెట్

గొర్రెతోలు ఫ్లయింగ్ జాకెట్ అంటే ఉన్ని ఊడదీయకుండా పదును చేసిన గొర్రెతోలుతో, ఉన్ని లోపలికీ తోలు బయటికీ వచ్చేలా కుట్టిన పొట్టి కోటు. 20వ శతాబ్దం తొలి సగంలో, విమానాల్లో వెచ్చదనపు ఏర్పాట్లు లేని కాలంలో, పైలట్లూ గన్నర్లూ దీన్ని తొడుక్కొనేవారు. నేడు ఇది ప్రపంచమంతటా పాతబట్టల సేకర్తలు కోరి వెతుక్కొనే వస్తువు. హైదరాబాదు పేరు ధరించిన మూడు బ్రిటిష్ స్క్వాడ్రన్ల వల్ల దీని కథ తెలుగునేలను కూడా తాకుతుంది.

అవసరం

పైకి పోయేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు 6.5 డిగ్రీల సెల్సియస్ చొప్పున గాలి చల్లబడుతుంది. శ్రీ సత్యసాయి జిల్లా నల్లమాడలో నేలమీద 35 డిగ్రీల ఎండ కాస్తున్న మధ్యాహ్నం కూడా, 8 కిలోమీటర్ల ఎత్తున ఈ లెక్కన సున్నాకు 17 డిగ్రీలు దిగువన ఉంటుంది. ఇంగ్లండు చలికాలంలో అదే ఎత్తున సున్నాకు 40 డిగ్రీలు దాటి దిగిపోతుంది. దానికి తోడు గంటకు వందల కిలోమీటర్ల వేగంతో కొట్టే గాలి. చేతివేళ్లు కొంకర్లు పోతే తుపాకీ మీట నొక్కడం, పారాచూట్ తాడు లాగడం సాధ్యం కాదు. కాబట్టి ఈ జాకెట్ మొదట ప్రాణరక్షణ సాధనం. అందం తర్వాత వచ్చింది.

తొలిదశ

చలిదేశాల పశుపాలకులు వేల ఏళ్లుగా గొర్రెతోలు కోట్లు తొడిగారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి బ్రిటిష్ పైలట్లు పొడవాటి తోలు కోట్లతో ఎగిరేవారు. లేనో హాకర్ అనే పైలట్ తొడల దాకా వచ్చే గొర్రెతోలు బూట్లు చేయించుకుంటే, తక్కినవారూ అవే కావాలన్నారు. 1917 ప్రాంతంలో ఆస్ట్రేలియా పైలట్ సిడ్నీ కాటన్ ఒక మంచి సంగతి గమనించాడు. ఇంజను పనిలో నూనె మరకలు పడిన పైతొడుగుతోనే పైకెగిరిన రోజున తోటివారంతా గడ్డకట్టుకుపోతే తనకు మాత్రం చలి వేయలేదు. నూనె పట్టిన గుడ్డ గాలిని లోపలికి రానివ్వలేదన్నమాట. ఆ గమనింపులోంచి పుట్టిన సిడ్‌కాట్ సూటు చాలాకాలం నిలిచింది. వెచ్చదనానికి ఒక పొర, గాలి ఆపడానికి మరో పొర: తర్వాత వచ్చిన గొర్రెతోలు జాకెట్లలోనూ ఈ రెండూ కలిసి పనిచేశాయి.

హైదరాబాదు స్క్వాడ్రన్లు

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌కు ఇచ్చిన విరాళాల్లో ఒకటి 110వ స్క్వాడ్రన్ విమానాలు. 1917 నవంబరు 1న ఏర్పడిన ఈ దళానికి తొలిసారిగా డి.హెచ్.9ఎ బాంబర్లు దక్కాయి. వాటి ఖర్చు నిజాం భరించాడు. హైదరాబాదు నిజాం సమర్పణ అని ప్రతి విమానం మీదా రాయించారు. అప్పటినుంచి ఆ దళం 110 (హైదరాబాద్) స్క్వాడ్రన్ అయింది.

1918 ఆగస్టు చివర ఫ్రాన్సు చేరిన ఆ దళం పట్టపగలు జర్మనీ లోపలి ఊళ్లమీద దాడులకు వెళ్లి, రెండున్నర నెలల్లో తీవ్రంగా నష్టపోయింది. అక్టోబరు 21న ఒక్క దాడిలోనే ఏడు విమానాలు తిరిగి రాలేదు. పైలట్ ముందూ గన్నర్ వెనకా, ఇద్దరికీ పైన కప్పు లేదు. వాళ్లమీద ఉన్నది తోలు, ఉన్ని, ధైర్యం.

ఆ విమానాల్లో ఒకటి ఇప్పటికీ ఉంది. ఎఫ్1010 అనే నంబరుది 1918 అక్టోబరు 5న శత్రువుల చేతికి చిక్కి, బెర్లిన్ ప్రదర్శనశాలకు చేరింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పోలండులోని క్రాకోవ్ మ్యూజియంలో తేలింది. 1977లో లండన్‌లోని బ్రిటిష్ వైమానిక దళ (ఆర్.ఎ.ఎఫ్.) మ్యూజియంవారు ఒక స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాన్ని బదులిచ్చి దాన్ని తెచ్చుకున్నారు. హైదరాబాదు పేరు రాసి ఉన్న ఆ విమానాన్ని లండన్ వెళ్లే తెలుగువారు తప్పక చూడాలి.

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ దళం పేరు మొదటి వరుసలోనే వినిపించింది. బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడే, 1939 సెప్టెంబరు 4న, విల్‌హెల్మ్‌స్‌హావెన్ దగ్గర జర్మన్ యుద్ధనౌకల మీద దాడికి 110వ స్క్వాడ్రన్ బ్లెన్‌హైమ్ బాంబర్లు ముందు నడిచాయి. కెన్నెత్ డోరన్ వాటికి నాయకుడు.

ఆ శరదృతువులోనే మరో రెండు దళాలు హైదరాబాదు పేరుతో పునరుద్ధరణ పొందాయి. అక్టోబరు 1న తిరిగి ఏర్పడిన 152వ స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాం తలపాగానే ఉంది. దాని నినాదం ‘నమ్మకమైన మిత్రుడు’, బ్రిటిష్ ప్రభుత్వం నిజాముకిచ్చిన బిరుదు అదే. 1940 వేసవిలో ఈ దళం స్పిట్‌ఫైర్లతో డోర్సెట్ తీరాన వామ్‌వెల్ నుంచి పోరాడింది. 1943 చివర భారతదేశానికి వచ్చి అరకాన్, ఇంఫాల్ పోరాటాల్లో పాల్గొంది.

రెండోదైన 253వ స్క్వాడ్రన్ హరికేన్ యుద్ధవిమానాలతో 1940 ఆగస్టు ఆఖరున కెన్‌లీ చేరింది. ఆగస్టు 31న దాని నాయకుల్లో ఒకడైన టామ్ గ్లీవ్ విమానం అంటుకుని, అతని ముఖమూ చేతులూ ఘోరంగా కాలాయి. ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌లో శస్త్రవైద్యుడు ఆర్చిబాల్డ్ మకిండో చేతుల్లో అతను కోలుకున్నాడు. తోలు జాకెట్, చేతితొడుగులు చలికే కాక మంటకూ కొంత అడ్డని, వేసవిలో కూడా ఒళ్లు కప్పుకునే ఎగరాలని ఆ వేసవి నేర్పింది.

ఇర్విన్ జాకెట్

సేకర్తల లోకంలో బ్రిటిష్ గొర్రెతోలు జాకెట్ అంటే ఇర్విన్ జాకెట్టే. లెస్లీ ఇర్విన్ లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన అమెరికన్. 1919 ఏప్రిల్ 28న ఒహాయోలోని మకుక్ ఫీల్డ్‌లో విమానం నుంచి దూకి, పారాచూట్‌ను గాలిలో తన చేత్తోనే తెరుచుకుని దిగాడు. చీలమండ విరిగింది కాని పద్ధతి గెలిచింది. 1926లో ఇంగ్లండులోని లెచ్‌వర్త్‌లో ఫ్యాక్టరీ పెట్టి, 1930ల తొలినాళ్లలో ఈ జాకెట్ తయారుచేశాడు. తన పారాచూట్ వల్ల బతికినవాళ్లకు పట్టుపురుగు ఆకారపు బంగారు పిన్ను పంపడం కూడా ఆయన మొదలుపెట్టిన ఆనవాయితీయే.

జాకెట్ కోత చాలా తెలివైనది. ముందు నిలువునా జిప్పు, రెండు చేతుల లోపలి వైపున పొడవాటి జిప్పులు, నడుముకు తోలు పటకా, చెవులదాకా ఎత్తగలిగే వెడల్పాటి ఉన్ని కాలరు. జేబులు లేవు. కుట్ల వెంట సన్నని తోలు పట్టీలు వేసి గాలి దూరకుండా చేశారు. యుద్ధం ముదిరేకొద్దీ పెద్ద తోళ్లు చాలక చిన్న ముక్కలు అతికి కుట్టారు. అందుకే ముందునాటి జాకెట్‌కు వీపు దాదాపు ఒకే తోలుగా కనిపిస్తుంది, యుద్ధకాలపుదానికి అడ్డంగా నిలువుగా అతుకులు కనిపిస్తాయి. సముద్రం మీద ఎగిరేవారి కొన్ని జాకెట్లకు, నీళ్లలో పడితే దూరానికి కనపడేలా పసుపుపచ్చ ముసుగు ఉండేది. స్పిట్‌ఫైర్ కాక్‌పిట్ ఇరుకు కావడంతో కొందరు పైలట్లు దీన్ని నేలమీదే వేసుకుని, పైకి మామూలు యూనిఫారంతో వెళ్లేవారు. బాంబర్ల వెనక గన్నర్లకు మాత్రం ఇది లేనిదే గడవదు.

అమెరికా జాకెట్లు

అమెరికా సైన్యం 1934 మే 8న బి-3 జాకెట్‌ను ఆమోదించింది. బయటి తోలుకు గోధుమరంగు పూత, కాలరుకు రెండు తోలు పట్టీలు, కుడివైపున ఒక జేబు దాని గుర్తులు. తుపాకులకోసం పక్క కిటికీలు తెరిచే ఉంచిన బి-17 బాంబర్ల గన్నర్లు దీన్నే నమ్ముకున్నారు. 1939లో కాస్త సన్నని బి-6, 1943లో ఎ.ఎన్.-జె-4 వచ్చాయి. అదే 1943లో గుడ్డతో చేసిన బి-10 రావడంతో గొర్రెతోలు కాలం ముగింపుకొచ్చింది. కరెంటుతో వేడెక్కే సూట్లు, ఆ తర్వాత నైలాన్ జాకెట్లు మిగిలిన పని పూర్తిచేశాయి.

అమెరికన్లు తెలుగుసీమ పొరుగుకే వచ్చారు. వాల్‌చంద్ హీరాచంద్ 1940 డిసెంబరులో బెంగళూరులో స్థాపించిన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారాన్ని 1943లో అమెరికా వైమానిక దళానికి అప్పగించారు. హిందూపురానికి దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో బాంబర్లకూ రవాణా విమానాలకూ మరమ్మతులు జరిగాయి. హిమాలయాలు దాటి చైనాకు సరుకు చేరవేసిన సిబ్బందికి చలి జాకెట్లు తప్పనిసరి. వాళ్ల తోలు జాకెట్ల మీద భారతీయ చేతిపనివారు రంగుతోలు ముక్కలు కోసి కుట్టిన దళ చిహ్నాలను సేకర్తలు నేడు ఎంతో విలువగా చూస్తారు. పేరు తెలియని ఆ పనివారి నైపుణ్యం మెచ్చదగినది. హైదరాబాదులోని బేగంపేటలో ఆ రోజుల్లో ప్రాథమిక విమాన శిక్షణ పాఠశాల నడిచింది. అక్కడి టైగర్ మాత్ విమానాలకు కాక్‌పిట్ కప్పు లేదు, కాబట్టి అక్కడా గాలి నేరుగా తగిలేది.

యుద్ధం తర్వాత

మిగులు సరుకుగా అమ్ముడైన జాకెట్లను బ్రిటన్‌లో మోటారుసైకిలువాళ్లు కొని తొడిగి అరగదీశారు. 1980లలో స్కాట్లండులోని ఏరో లెదర్, ఇంగ్లండులోని ఈస్ట్‌మన్ పాత నమూనాలను కుట్టుకుట్టుగా అనుసరించి కొత్తవి చేయసాగాయి. ఆ తర్వాత జపాన్‌లో రియల్ మకాయ్స్, బజ్ రిక్సన్స్ అదే పని ఇంకా పట్టుదలగా చేశాయి. 1990 నాటి ‘మెంఫిస్ బెల్’, 2017 నాటి ‘డంకర్క్’ సినిమాలు కొత్తతరానికి ఈ జాకెట్‌ను చూపించాయి.

సేకరణ, పరీక్ష

పాత జాకెట్ కొనేవారు ముందు కాలరు కింది చీటీ చూస్తారు. బ్రిటిష్‌దైతే తయారీదారు పేరు, కొలత, 22సి తో మొదలయ్యే సామగ్రి నంబరు ఉంటాయి. అమెరికాదైతే రకం పేరు, ఆర్డరు నంబరు ఉంటాయి. తర్వాత జిప్పు. బ్రిటిష్ వాటికి డాట్, ఏరో, లైట్నింగ్, అమెరికా వాటికి టాలన్, క్రౌన్, కాన్‌మర్ పేర్లు జిప్పు మీద కనిపిస్తాయి. పాత జిప్పు తీసి కొత్తది వేస్తే విలువ తగ్గుతుంది. ఆ తర్వాత తోలు. చంక, మోచేయి, భుజం దగ్గర వేలితో మెల్లగా వంచితే, ప్రాణమున్న తోలు వంగి తిరిగి లేస్తుంది. ప్రాణం పోయిన తోలు పొడిలా రాలి వేలికి ఎర్రదుమ్ము అంటుతుంది. అలాంటిదాన్ని ఏ నూనే బాగుచేయలేదు, తొడుక్కుంటే కుట్టుదగ్గరే చిరుగుతుంది. లోపల పేరు, దళం నంబరు రాసి ఉంటే వాటిని పాత రికార్డులతో సరిపోల్చాలి. నకిలీ రాతలు చాలా ఉన్నాయి. నిజంగా 152 లేదా 253 స్క్వాడ్రన్‌లో ఎగిరిన మనిషి జాకెట్ అని రుజువైతే దానికి సాటి లేదు.

నల్లమాడ సీమ: తోలు, ఉన్ని, కంబళి

శ్రీ సత్యసాయి జిల్లాలోని నల్లమాడ, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల గొర్రెల పెంపకం పాత వృత్తి. అయినా ఇక్కడి తోళ్లు ఇలాంటి జాకెట్లకు పనికిరావు. నెల్లూరు జాతికి ఒంటిమీద ఉన్ని కాక వెంట్రుకలే ఉంటాయి. బళ్లారి, దక్కనీ జాతులది ముతక నల్ల ఉన్ని. ఫ్లయింగ్ జాకెట్‌కు చలిదేశపు ఒత్తైన మెత్తని ఉన్ని కావాలి. దక్షిణాది తోళ్లు మాత్రం మరో దారిన ఇంగ్లండు చేరాయి. వెంట్రుకలు తీసి, తంగేడు చెక్కతో సగం పదును చేసి మద్రాసు నుంచి లండన్‌కు పంపేవారు. రాయలసీమ బీళ్లలో విరగపూసే తంగేడే ఆ వ్యాపారానికి ఆధారం.

చలికీ వానకూ ఈ సీమ కనిపెట్టుకున్న తొడుగు కంబళి. కురుబలు ఏడాదికి రెండుసార్లు గొర్రెల ఉన్ని కత్తిరించి, వడికి, గుంటమగ్గం మీద నేసేవారు. పడుగు పోగులకు చింతగింజల గంజి పట్టిస్తే దారం గట్టిపడుతుంది, నేసిన కంబళి బిరుసుగా ఉండి వానచినుకును జార్చేస్తుంది. గొర్రెలకాపరి దాన్ని ఒక మూల మడిచి తలమీదుగా వేసుకుంటే అదే గొడుగు, రాత్రికి అదే పరుపు. కురుబల దేవుడు బీరప్ప కొలుపుల్లోనూ పెళ్లిపీటల దగ్గరా పరిచే నల్ల కంబళికి ఇప్పటికీ గౌరవం ఉంది. మాంసం గిరాకీ పెరిగి నల్ల ఉన్ని గొర్రెలు తగ్గడంతో, నేసే చేతులూ తగ్గాయి. ఇర్విన్ జాకెట్‌ను సేకరించినంత శ్రద్ధగా చేతినేత కంబళిని సేకరించినవారు తక్కువ. ఇది పూడ్చవలసిన లోటు.

భద్రపరచడం

తెలుగు వాతావరణంలో గొర్రెతోలుకు ఎండకంటే వానకాలం ఎక్కువ ప్రమాదం. తేమకు బూజు, ఉన్నికి పురుగు పడతాయి. ప్లాస్టిక్ సంచిలో బిగించకుండా, వెడల్పు భుజాల హ్యాంగరుకు తగిలించి నూలుబట్ట కప్పాలి. తడిస్తే నీడలోనే ఆరనివ్వాలి, ఎండలోనో పొయ్యి దగ్గరో పెడితే తోలు బిగుసుకుని పగులుతుంది. ఉతకకూడదు. కంబళికి పురుగు జాగ్రత్త ఇలాంటిదే, కాని అప్పుడప్పుడు ఎండలో వేసి దులపడం దానికి మంచిది. పాత కంబళి ఇంట్లో ఉన్నవారు దాన్ని ఏ ఊరివారు నేశారో, ఎవరు కప్పుకున్నారో ఒక కాగితం మీద రాసి దానితోపాటే ఉంచాలి.