పాత పికప్ బండి కొంటున్నారా? వెనుక కమాన్ పట్టీలు మార్చారేమో ఇలా గుర్తించండి

కూరగాయలు, పండ్లు సొంత బండిలో మార్కెట్‌కు తెచ్చుకుంటే కిరాయి మిగులుతుంది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారానికి తరలిపోయాక చాలామంది రైతులకు దారి మారింది. సరూర్‌నగర్ రైతు బజారుకు తెచ్చేవారూ ఎక్కువే. అందుకే దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ వైపు వచ్చి సెకండ్ హ్యాండ్ పికప్ చూసుకునే రైతులు తరచూ సలహా అడుగుతుంటారు. ఇంజను, టైర్లు అందరూ చూస్తారు. వెనుక కమాన్ కట్ట చూసేవారు తక్కువ. బండి గతంలో ఎంత బరువు మోసిందో చెప్పేది అదే.

ఎందుకు మారుస్తారు?

ఎక్కువ లోడు వేసినా వెనుక భాగం కూర్చోకుండా ఉండటానికి అదనంగా ఒకటి రెండు పట్టీలు వేయిస్తారు. కొందరు ఇరుసుకు, కమాన్‌కు మధ్య ఇనుప దిమ్మ పెట్టి ఎత్తు పెంచుతారు. పట్టీ పెంచినంత మాత్రాన బండి మోసే శక్తి పెరగదు. ఇరుసు, బేరింగులు, బ్రేకులు, టైర్లు, ఛాసిస్ పాతవే. బరువు వాటిమీదే పడుతుంది. పైగా బిరుసు కమాన్‌తో తక్కువ లోడులో కుదుపులు ఎక్కువై టమాటా, మామిడి, ద్రాక్ష లాంటివి దెబ్బతింటాయి.

బండి దగ్గర చూడాల్సినవి

బండిని ఖాళీగా, చదునైన నేలమీద నిలిపించండి. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్లు పెట్టాకే కింద చూడండి. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి కిందకు దూరకండి.

1. ఎత్తు: వెనుక చక్రం నడిమధ్య నుంచి పైనున్న బాడీ అంచు వరకు రెండువైపులా టేపుతో కొలవండి. అదే మోడల్, అదే బాడీ ఉన్న, మార్పులు చేయని బండితో పోల్చండి. వెనుక బాగా ఎత్తుగా ఉన్నా, ఒక పక్క వంగినా కారణం అడగండి.

2. పట్టీల లెక్క: రెండువైపులా పట్టీలు లెక్కపెట్టండి. ఛాసిస్ నంబరు చెబితే కంపెనీ సర్వీసు సెంటర్‌లో అసలు ఎన్ని ఉండాలో తెలుస్తుంది. అన్నీ తుప్పుపట్టి ఒకటి మాత్రం కొత్తగా ఉన్నా, మందం తేడాగా ఉన్నా అనుమానించండి. కొన్ని మోడళ్లకు కంపెనీయే మందమైన హెల్పర్ పట్టీ ఇస్తుంది. దాన్ని మార్పుగా పొరబడవద్దు. విరిగిన పట్టీ స్థానంలో అదే కొలత పట్టీ వేస్తే అది మరమ్మతు మాత్రమే.

3. యూ బోల్టులు: నట్టు పైన మర చాలా పొడవుగా మిగిలినా, నట్టు మరల చివరే ఆగినా కట్ట మందం మారి ఉండవచ్చు. పట్టీలను పట్టి ఉంచే క్లిప్పులు విప్పి వంచిన గుర్తులు చూడండి.

4. షాకిళ్లు, ఛాసిస్: షాకిల్ పొడవు రెండువైపులా ఒకేలా ఉండాలి. కమాన్ బ్రాకెట్ల చుట్టూ వెల్డింగు, అతుకు ప్లేటు, కొత్త రంధ్రాలు, పగుళ్లు వెతకండి. అక్కడ మాత్రమే కొత్త రంగు వేసి ఉంటే తుడిచి చూడండి.

5. బంప్ రబ్బర్లు: ఇరుసు పైన ఉండే ఈ రబ్బర్లు నలిగినా, ఊడిపోయినా, ఇరుసు తగిలి ఛాసిస్ సొట్టపడినా అధిక లోడు మోసిన బండే.

6. బ్రేకు వాల్వు: చాలా పికప్‌లలో ఇరుసుకు, ఛాసిస్‌కు మధ్య సన్నని కడ్డీతో లోడ్ సెన్సింగ్ వాల్వు ఉంటుంది. లోడు పడి బండి కిందికి దిగితే అది వెనుక బ్రేకులకు ఒత్తిడి పెంచుతుంది. పట్టీలు పెంచిన బండి దిగదు. బండి ఖాళీగా ఉందనుకుని వాల్వు వెనుక బ్రేకు తగ్గించే ఉంచుతుంది. నిండు లోడుతో వాలులో దిగేటప్పుడు ఇది ప్రాణాలమీదికి వస్తుంది. కడ్డీ వంచినా, తీగతో కట్టేసినా ఆ బండి నడపవద్దు.

నడిపి చూడండి

స్పీడ్ బ్రేకర్ల మీద నెమ్మదిగా పోనివ్వండి. వెనుక నుంచి టకటక శబ్దం, వేగంలో కింద నుంచి వణుకు వస్తే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం, క్రాసులు చూపించండి. తర్వాత వేబ్రిడ్జి మీద ఖాళీ బండి తూకం వేయించి ఆర్‌సీలోని ఖాళీ బరువుతో పోల్చండి.

ఆర్‌సీ లెక్క

మొత్తం బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే మోయదగిన బరువు వస్తుంది. ఉదాహరణకు 3,000 కిలోల్లోంచి 1,700 తీస్తే 1,300. మనుషుల బరువు 150 కిలోలు పోతే 1,150 మిగులుతుంది. డబ్బాతో కలిపి 25 కిలోల టమాటా క్రేట్లు 46 పడతాయి. మీ అవసరం 70 క్రేట్లయితే పెద్ద బండి చూసుకోండి, పట్టీలు పెంచకండి.

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీ వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత 194వ సెక్షన్‌లో అధిక లోడుకు 20,000 రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2,000 జరిమానా ఉంది. ఫిట్‌నెస్, బీమా, చలాన్లు ఎంపరివాహన్ యాప్‌లో చూసుకోండి.

కొనాలా, వద్దా?

అదనపు పట్టీ మాత్రమే ఉండి ఛాసిస్ శుభ్రంగా ఉంటే, కంపెనీ కొలతకు తెప్పించే ఖర్చు ముందే రాయించుకుని ధర తగ్గించమనండి. ఎల్‌బీ నగర్ దాటాక ఆటోనగర్‌లో అమ్మేవారితో సంబంధం లేని కమాన్ మెకానిక్‌కు చూపించండి. ఛాసిస్‌పై పగులు, అతుకు వెల్డింగు ఉంటే ఎంత చౌకైనా వదిలేయండి.

పంట డబ్బుతో కొనే బండి ఇది. అదే బండిలో మీ ఇంటివాళ్లూ కూర్చుంటారు. అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక గంట దాని కింద చూడటానికి కేటాయించండి.