గదులు లెక్కపెట్టకుండా పిల్లల్ని పంపితే



మొన్న పూర్ణా మార్కెట్లో వంకాయ బస్తాలు దించేసి వన్ టౌన్ మీదుగా వస్తుంటే బడి వదిలారు. ఆ సన్న సందుల్లో పిల్లలు బిలబిలమంటూ వచ్చేసరికి ఆటో పావుగంట కదల్లేదు. అప్పుడు మనసులో మెదిలిన సంగతి ఇది. కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

వన్ టౌన్ పాత బడుల పేట. సెయింట్ అలోసియస్ బడి 1847లో పెట్టారు. ఏవీఎన్ కాలేజీ కూడా 1860లో బడిగానే మొదలైంది. ఒక పక్క పోర్టు, ఇంకో పక్క సముద్రం, మధ్యలో ఆనుకుని ఇళ్లు. అక్కడ పిల్లలు పెరిగినా బడి జాగా పెరగదు.

అసలు కథకొద్దాం. 2020లో కేంద్రం కొత్త జాతీయ విద్యా విధానం తెచ్చింది. దాని పేరు చెప్పి మన రాష్ట్రంలో 3, 4, 5 తరగతుల్ని ప్రాథమిక బడి నుంచి తీసి హైస్కూల్లో కలపడం మొదలెట్టారు. 2021లో 250 మీటర్ల లోపు బడులు, మర్నాడు ఏడాది కిలోమీటరు లోపువి. 2022 జూన్‌లో 117 జీవో వచ్చింది. చిన్న పిల్లలకీ సబ్జెక్టుకో టీచరు దొరుకుతారన్నారు. ఆలోచన చెడ్డదేం కాదు. కానీ కాగితం మీద పిల్లలు ఒక్కరోజులో కదిలారు, గదులు కదల్లేదు.

గట్లు వేయకుండా తూము ఎత్తేస్తే ఏమవుతుందో మనకి తెలుసు కదా. ఒక మడి ఎండుతుంది, ఇంకోటి మునుగుతుంది. ప్రాథమిక బడుల్లో 1, 2 తరగతులు మిగిలి గదులు ఖాళీ పడ్డాయి. చాలా హైస్కూళ్లలో మాత్రం చోటు చాలక వరండాలోనూ, చెట్టుకిందా పాఠాలు చెప్పారు. 2022 జులైలో బడులు తెరిచాక చాలాచోట్ల తల్లిదండ్రులు రోడ్డెక్కారు.

పల్లెలో అయితే ఆవరణలో రేకుల షెడ్డు వేసుకోవచ్చు. వన్ టౌన్ లాంటి చోట మేడ మీద మేడ లేపాలి, లేదంటే పూటకో షిఫ్టు నడపాలి. షిఫ్టు పెడితే గది దొరుకుతుంది గానీ చదువు గంటలు తగ్గుతాయి.

చివరికి 2025లో ఆ జీవో రద్దు చేసి, 3, 4, 5 తరగతుల్ని మళ్లీ ప్రాథమిక బడికి తెచ్చే పని పెట్టుకున్నారు. 2021లో మూడో తరగతి చదివిన పిల్ల అప్పటికి ఏడో తరగతిలో ఉంది. జీవో వెనక్కి పోయింది గానీ, ఆ పిల్ల చదువు ఏళ్లు వెనక్కి రావు.

అందుకే చెప్తున్నాను. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి దాకా 30 మందికో టీచరు, 6 నుంచి 8 దాకా 35 మందికో టీచరు, టీచరుకో గది ఉండాలి. బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే. రేపు ఇంకో జీవో వస్తుంది. మీటింగుకి పిలిస్తే టీ తాగి సంతకం పెట్టి రాకండి. పిల్లలెంతమంది, గదులెన్ని, మరుగుదొడ్లెన్ని అని అడగండి. కౌలుకి పొలం తీసుకునే ముందు నీటి వసతి చూడకుండా ఒప్పుకుంటామా?

మీ ఊరి హైస్కూల్లో గదికి ఎంతమంది కూర్చుంటున్నారో కింద రాయండి.