బెల్లం పాకానికి లొంగిన గాజు

రెండేళ్ళ కిందట సంక్రాంతికి మా అపార్ట్‌మెంట్‌లో అరిసెల కార్యక్రమం పెట్టుకున్నాం. మా ఆవిడ బెల్లం పాకం స్టవ్ మీద పెట్టి, "రెండు నిమిషాలు చూస్తుండండి" అని పిండి జల్లించడానికి వెళ్ళింది. నేను చూస్తూనే ఉన్నాను, కాకపోతే ఫోన్‌లోకి. పాకం పొంగి నల్లటి గాజు స్టవ్ మీద పరుచుకుంది. వేడిగా ఉన్నప్పుడు ముట్టుకోకూడదు, చల్లారాక తుడుద్దాం అనుకున్నా. ఎవరైనా అలాగే అనుకుంటారు కదా! తీరా చల్లారాక బ్లేడుతో గీకితే, పాకంతో పాటు గాజు పెచ్చులు కూడా ఊడి వచ్చాయి. ఇల్లు ఖాళీ చేసినప్పుడు డిపాజిట్‌లో కోత పడింది లెండి.

డబ్బు సంగతి అలా ఉంచితే, అంత మంటకి పగలని గాజు బెల్లానికి ఎలా లొంగిందా అన్న సందేహం మాత్రం నన్ను వదల్లేదు. తవ్వుకుంటూ పోతే సమాధానం ఓ పాత బగ్ దగ్గర తేలింది.

1950ల మొదట్లో సంగతి. న్యూయార్క్ రాష్ట్రంలో, కార్నింగ్ అనే ఊళ్ళో అదే పేరుతో ఉన్న గాజు కంపెనీలో డొనాల్డ్ స్టూకీ అనే శాస్త్రవేత్త ఒక గాజు పలకని 600 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడి చేద్దామని కొలిమిలో పెట్టాడు. కంట్రోలర్ మొరాయించి వేడి 900కి పోయింది. ఇంకేముంది, గాజు కరిగి కొలిమి పాడయ్యుంటుంది అనుకుంటూ తలుపు తీస్తే, పలక కరగలేదు సరికదా, పాలలా తెల్లగా మారి ఉంది. పట్టకారుతో తీస్తుంటే జారి కిందపడింది. పగల్లేదు, ఉక్కుముక్కలా ఖంగుమంది! గాజు లోపల సన్నటి స్ఫటికాలు పెరిగిపోయాయన్నమాట. గ్లాస్ సెరామిక్ అనే కొత్త జాతి పదార్థం అలా పుట్టింది. మన భాషలో చెప్పాలంటే బగ్ కాస్తా ఫీచరైంది.

1958లో దీంతో కార్నింగ్‌వేర్ గిన్నెలొచ్చాయి. 1966లో అదే కంపెనీ నున్నటి తెల్ల పలకతో స్టవ్ తెచ్చింది. జర్మనీలో షాట్ కంపెనీ 1968లో టెలిస్కోపు అద్దాల కోసం జెరోడూర్, 1971లో స్టవ్‌ల కోసం సెరాన్ తయారుచేసింది. చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోపులో 8.2 మీటర్ల అద్దాలు నాలుగూ జెరోడూర్‌వే. పొయ్యికీ టెలిస్కోపుకీ ఏం చుట్టరికం అంటారా? రెండిటికీ కావలసింది ఒకటే: వేడెక్కినా సైజు మారకూడదు.

మామూలు కిటికీ గాజు మీటరు పొడవుది 100 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.9 మిల్లీమీటర్లు సాగుతుంది. ఒకచోట సాగి పక్కన సాగకపోతే ఫట్‌మంటుంది. ఈ లిథియం గ్లాస్ సెరామిక్‌లో స్ఫటికాలు వేడికి కుంచించుకుపోతాయి, వాటి మధ్య మిగిలిన గాజు వ్యాకోచిస్తుంది. దానికీ దీనికీ చెల్లు. నికరం దాదాపు సున్నా. అందుకే బర్నరు ఎర్రగా కాలుతున్నా పక్కన పలక పగలదు.

ఇప్పుడు మన పాకం దగ్గరికి వద్దాం. పాకం చల్లారేకొద్దీ గట్టిపడి కుంచించుకుంటుంది. కింద గాజు మాత్రం కుంచించుకోదు, అదే కదా దాని గొప్పదనం! గట్టిగా అతుక్కున్న పాకం ముడుచుకుంటూ గాజు పైపొరని లాగేస్తుంది. పెచ్చు ఊడి గుంట పడుతుంది. అంటే టెలిస్కోపుకి పనికొచ్చిన గుణమే నా డిపాజిట్‌కి ఎసరు పెట్టింది.

కనుక తీపిది ఏది పొంగినా (బెల్లం, పంచదార, జామ్) చల్లారనివ్వకండి. స్టవ్ ఆపి, చేతికి మందపాటి గ్లవ్ వేసుకుని, పొడుగు పిడి బ్లేడుని ఏటవాలుగా పట్టుకుని వేడి మీదే పాకాన్ని పక్కకి నెట్టేయండి. మిగతా వాటికి మామూలు రూలే. గంజి, పాలు, పోపు నూనె అయితే చల్లారాక తడిగుడ్డ, కుక్‌టాప్ క్రీమ్, మాడితే బ్లేడు. నీటి ఉప్పు మరకలకి వెనిగర్. స్టీలు పీచు, గరుకు పౌడర్లు, అమ్మోనియా ఉన్న కిటికీ క్లీనర్లు వద్దు. గిన్నెల్ని ఈడ్వకండి. అడుగున ఒక్క ఇసుకరేణువున్నా గీత పడుతుంది, ఇసుక ఈ గాజుకన్నా గట్టిది మరి. ఇండియాలో ఇండక్షన్ స్టవ్‌ల నల్లపలక కూడా చాలావాటిల్లో ఈ జాతిదే, కాబట్టి అక్కడివాళ్ళకీ ఇదే వర్తిస్తుంది.

స్టూకీ 2014లో, 99 ఏళ్ళ వయసులో పోయారు. ఆయన పొరపాటు వల్ల ఓ కొత్త పదార్థం పుట్టింది, నా పొరపాటు వల్ల ఈ టపా పుట్టింది. మొన్న సంక్రాంతికి మళ్ళీ అరిసెలు చేశాం. ఈసారి ఫోన్ పక్కగదిలో, బ్లేడు నా చేతిలో. పాకం పొంగలేదనుకోండి, అది వేరే విషయం.