సిపాయి కుటుంబములును దూరదేశ దండయాత్రలును

మేడ్చల్ మీదుగా నిజామాబాదునకు పోవు ఇనుపదారికిని, శామీరుపేట మీదుగా కరీంనగరమునకు పోవు రాచబాటకును సికింద్రాబాదే మొదలు. ఆ రెంటి పరిసరముల బొల్లారము, హకీంపేట మొదలగు సైనికస్థలములు నేటికిని గలవు. 1798వ సంవత్సరపు సంధివలన నిజాము రాజ్యమున నిలిచిన కుంపిణీ సైన్యమునకు, 1806లో సికందర్ జా పేరిట వెలసిన ఈ ఊరు స్థావరమయ్యెను. ప్రజలు దానిని లష్కరనిరి. దీని చరిత్రలో సంధులును సేనాపతుల పేర్లును కొల్లలుగా దొరకును. సిపాయి దండెత్తి పోయినపుడు వాని యింట పొయ్యి యెట్లు రాజెనో వ్రాసినవారు అరుదు.

ఈ సేన చెన్నపురి సైన్యములోనిది. ఉత్తర సర్కారుల తెలుగువారు అందు పెక్కండ్రు. బంగాళా సిపాయి ఆలుబిడ్డలను స్వగ్రామమున నుంచి తానొక్కడే కొలువునకు వచ్చెడివాడు. చెన్నపురి సిపాయి యట్లుగాక తల్లిని, భార్యను, బిడ్డలను వెంటబెట్టుకొని పటాలముతోపాటు ఊరూరు తిరిగెడివాడు. పటాలమే వాని గ్రామము. కావున పటాలము ఓడ యెక్కిననాడు ఇంటివారికి నిలువనీడయు, చేతికాసును ఒక్కమారే కఱవగుచుండెను. దీనికి సర్కారువారు కనిపెట్టిన మార్గము, సిపాయి తన జీతములో కొంతభాగమును ప్రయాణమునకు ముందే కుటుంబము పేర వ్రాయించి పోవుట. ఆ సొమ్ము ఇంటివారికి ఇక్కడ చెల్లెడిది. విదేశసేవలో మరణించినవాని వారసులకు పింఛనును, సిపాయి కొడుకులను చిన్నతనముననే చిన్నజీతముపై పటాలమున చేర్చుకొను వాడుకయు నుండెను.

ఏర్పాటు మంచిదే. కాని దాని బలమంతయు ముందు చెప్పిన మాట నిలుపుటయందున్నది. 1843లో ఆఱవ చెన్నపురి అశ్వదళమును జబల్పూరునకు పంపుచు, అది తాత్కాలికమేయని చెప్పిరి. ఆ మాట నమ్మి రౌతులు సంసారములను కాంపుటీలో విడిచిపోయిరి. పిదప అక్కడనే నిలువవలసినదని యాజ్ఞ వచ్చెను. ఒక్క జీతముతో రెండు కాపురములు సాగుటెట్లు? దళమున అవిధేయత పుట్టెను. మరుసటియేట 47వ పటాలము కథ ఇంతకంటె విచారకరము. మౌల్మేనునకు పోవలసిన ఆ పటాలమును సింధుదేశమునకు మరల్చిరి. గవర్నరు ట్వీడేలు ప్రభువు సింధునందును అధికపు బత్తా దొరకునని వాగ్దానము చేసెను. సిపాయిలు ఆ బత్తాను లెక్కలో వేసికొని, జీతములో భాగమును ఇండ్లకు విడిచిరి. బొంబాయి చేరినపిదప ఆ వాగ్దానము చెల్లదని తెలిసెను. అట్టి మాట యిచ్చుటకు చెన్నపురివారికి అధికారము లేదని పైప్రభుత్వము తలచెను. ఇంటికి విడిచిన భాగము పోగా చేత మిగిలినది కడుపునకు చాలదయ్యెను. 1844 ఫిబ్రవరిలో కవాతు మైదానమున సిపాయిలు ఎదురుతిరిగిరి. దీనిని తిరుగుబాటు ప్రకరణమున చేర్చుట వాడుక. గృహస్థుల యాయవ్యయపు లెక్క తప్పిన ప్రకరణమున చేర్చుటయే న్యాయమని నాకు తోచుచున్నది.

మొదటి మహాయుద్ధమునాటికి స్థితి మాఱెను. పూర్వము నిజాము కంటింజెంటులోనిదైన 20వ దక్కను అశ్వదళము 1914లో ఫ్రాన్సునకు పోయి, 1916 జూలై 14వ తేదీన హైవుడ్ అడవికడ ఈటెలతో దాడి సలిపెను. ఇందలి రౌతులలో పెక్కుమంది దూరప్రాంతములవారు. సంసారములు స్వగ్రామములందే నిలిచినవి. బత్తాకంటె జాబు వీరికి ముఖ్యమయ్యెను. నాడు సెన్సారు అధికారులు విప్పి చదివి, ఎత్తి వ్రాయించిన హిందూదేశ సైనికుల లేఖాభాగములు లండనులో భద్రముగా నున్నవి. ఇంటినుండి వెళ్లిన యుత్తరములును కొన్ని అందు గలవు. సర్కారువారి యనుమానము చరిత్రకారునికి ఉపకారమైనది!

మాజీ సైనికుల యోగక్షేమములకై ఆ యుద్ధానంతరము బోర్డులు వెలసెను. వాని సంతతియే నేటి కేంద్రీయ సైనిక బోర్డును, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయములును. భర్త సరిహద్దున నున్నపుడు కుటుంబము నివసించుటకు దండులందు ప్రత్యేక గృహములిచ్చు పద్ధతియు నేడు గలదు. 1843లో కాంపుటీలో మిగిలిన స్త్రీలు కోరదగినది ఇదియే.

అల్వాలు, బొల్లారము, మేడ్చల్, శామీరుపేట పాఠశాలల పండితులకు ఒక విన్నపము. మీ శిష్యుల యిండ్లలో పాతపెట్టెల యడుగున పింఛను కాగితములు, మనియార్డరు రసీదులు, తాతలనాటి జాబులు ఉన్నయెడల వానిని చెదలపాలు గానీయక నకళ్లు తీయించి యుంచుడు. స్త్రీలు చెప్పి వ్రాయించినవి దొరకెనేని మొదట వానినే తీయుడు.