కాలువ గట్టున మొదలైన కాంతి కథ



కిందటేడు మా ఇంటికి ఫైబర్ కనెక్షను ఇవ్వడానికి వచ్చిన కుర్రవాడు లోపలి గాజుతీగ చూపించాడు. వెంట్రుకంత సన్నం! అందులో వెలుగు ఎట్లా పోతుందో తెలుసుకుందామని పుస్తకాలు తిరగేస్తే, కథ నన్ను 1834వ సంవత్సరానికి తీసుకుపోయింది.

ఆ ఏడు ఆగస్టులో స్కాట్లాండులోని ఎడిన్‌బరో దగ్గర, యూనియన్ కాలువలో గుర్రాలు లాగుతున్న పడవ ఒకటి హఠాత్తుగా ఆగింది. దాని ముందు పోగైన నీరు ఒంటరి అలగా లేచి సాగిపోయింది. జాన్ స్కాట్ రస్సెల్ అనే 26 ఏళ్ల ఇంజనీరు గుర్రం మీద దాని వెంటపడ్డాడు. పొడవు 30 అడుగులు, ఎత్తు అడుగు, అడుగున్నర, వేగం గంటకు 8, 9 మైళ్లు. ఒకటి రెండు మైళ్లు పోయాక మలుపుల్లో కనుమరుగయ్యేదాకా అల రూపు చెదరలేదు.

ఆయన తొట్టెలో ప్రయోగాలు చేసి 1844లో నివేదిక సమర్పించాడు. ఎయిరీ, స్టోక్స్ వంటి పెద్దలు అది తమ సిద్ధాంతానికి పొసగదన్నారు. రస్సెల్ 1882లో కన్నుమూశాడు. 1895లో కోర్టెవెగ్, డి వ్రీస్ అనే డచ్చి పండితులు ఆ అలకు సమీకరణం రాశారు. 1965లో దానికి 'సోలిటాన్' అని పేరు పడింది.

ఇక వెలుగు సంగతి. కాంతి తునకలో రకరకాల రంగులుంటాయి. గాజులో ఒక్కో రంగుది ఒక్కో వేగం; అందుకే తునక పోనుపోను చెదురుతుంది. అయితే బలమైన కాంతి గాజు గుణాన్నే కాస్త మారుస్తుంది. ఈ రెండూ సరితూగితే తునక చెదరదు. 1973లో హసెగావా, టాపర్ట్ ఈ మాట చెప్పారు. 1980లో మొలెనావర్ బృందం గాజుతీగలో చూపించింది. అచ్చం రస్సెల్ అలే! (మన ఇళ్ల కనెక్షన్లలో మాత్రం ఇది వాడరు.)

2000లో మరో వింత. పొడవునా సన్నని రంధ్రాలున్న 75 సెంటీమీటర్ల గాజుతీగలోకి లేజరు తునకలు పంపితే, ఊదా మొదలు పరారుణం దాకా వెలుగు పరుచుకుంది. కాంతి కంపనాలను కచ్చితంగా లెక్కించే పనికి ఈ విశాల వెలుగు తోడ్పడింది. ఆ కొలత విద్యకు హాల్, హెన్ష్ గార్లకు 2005లో నోబెల్ బహుమతి దక్కింది.

నేను గుమాస్తాగా ఉండగా, ఒక ఉద్యోగి సర్వీసు రిజిస్టరులో భార్య పేరు ఎక్కలేదని నోటు పెట్టాను. పైవారు పక్కన పడేశారు. తొమ్మిదేళ్ల తర్వాత ఆ ఇల్లాలికి కుటుంబ పింఛను ఇప్పించింది ఆ కాగితమే. రస్సెల్ కథ చదువుతుంటే అదే గుర్తొచ్చింది. చూసింది చూసినట్టు రాసిపెట్టిన మాట ఊరికే పోదు.