కాకి ముట్టిన మూడు రోజులు

మన భాషలో ఈ సంగతికి ఉన్నన్ని పేర్లు మరి దేనికీ లేవేమో! బయట చేరడం, దూరం, ముట్టు, మైల, బహిష్టు. పిల్లలడిగితే "అమ్మని కాకి ముట్టుకుంది". అమలాపురం దగ్గరి పల్లెలో పెరిగిన నాకు చాలా ఏళ్ళదాకా కాకులంటే అనుమానమే. కొబ్బరి మట్ట మీద వాలిన ప్రతి కాకీ ఇవాళ ఎవర్ని ముట్టుకోవడానికి వచ్చిందో అని చూసేదాన్ని. ఇప్పుడాలోచిస్తే ఒకటి తోస్తుంది. ఈ మాటలన్నీ ఆడది ఎక్కడ కూర్చోవాలో, ఎవర్ని తాకకూడదో చెప్పేవే. కడుపునొప్పి గురించి గానీ, నడుము పీకడం గురించి గానీ చెప్పేది వీటిలో ఒక్కటీ లేదు.

మా అమ్మమ్మ తరం వాళ్ళు "అదే మాకు విశ్రాంతే అమ్మా" అనేవారు. ఆ మాట నేను బొత్తిగా కొట్టిపారెయ్యను. వసారా చివర చాప, విడిగా కంచం, చెంబు. నాలుగోనాటి తలస్నానం దాకా వంటింటి గడప తొక్కక్కర్లేదు. కానీ పొయ్యి మాత్రం ఆగదు కదండీ! తోడికోడలో, అత్తగారో, పుట్టింటికి చేరిన వితంతువు మేనత్తో ఆ పని ఎత్తుకునేది. ఒకరి విశ్రాంతి ఇంకొకరి రెక్కల మీదే నడిచింది. పైగా తద్దినం తిథి మారదు, పెళ్ళి ముహూర్తం మారదు. ఎవరి లెక్క ఏ తిథికి వస్తుందో పెద్దావిడ పంచాంగంతో సరిపోల్చుకుని, ఆవకాయ ఎప్పుడు పెట్టాలో, ఎవర్ని ఎప్పుడు పుట్టింటికి పంపాలో తేల్చేది. ఆఫీసుల్లో డ్యూటీ చార్టు వేసే గుమాస్తా ఆవిడ ముందు ఏపాటి? తర్వాత తర్వాత నెలసరిని వాయిదా వేసే మాత్రలొచ్చాయి. వాటిలో ఉండే నారెథిస్టెరోన్‌ని 1951లో మెక్సికోలో తయారుచేశారు. అది శ్రావణ శుక్రవారం నోముకి పనికొస్తుందని ఆ శాస్త్రజ్ఞులు కలలోనైనా అనుకుని ఉండరు.

ఉమ్మడి కుటుంబాలు విడిపోయాక ఒక చిత్రం జరిగింది. మొగుడూ పెళ్ళామూ ఇద్దరే ఉన్న ఇళ్ళలో ఆ మూడు రోజులూ మగవాళ్ళు చారు కాచారు, అన్నం వార్చారు. ఆచారం పోయింది. పోవలసిందే, దానికోసం నేను కన్నీళ్ళు కార్చను. అయితే దాంతోబాటే ఆయనగారూ వంటింట్లోంచి బయటికి వెళ్ళిపోయారు!

ఇదంతా కడుపు నిండిన ఇళ్ళ చరిత్ర. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలవలు పారి, కోనసీమ పచ్చబడింది. నాట్లు, కలుపులు పెరిగాయి. ఆ పనులు ఆడకూలీలవే. మోకాటి లోతు బురదలో పొద్దంతా వంగి నాటేవాళ్ళకి బయటా లేదు, లోపలా లేదు. పనిలోకి రాకపోతే కూలి లేదు, అంతే. ఒకే ఊళ్ళో ఒక వీధిలో మూడు రోజులు కూర్చోవలసిందే, పక్క వీధిలో కూర్చునే వీలే లేదు. నీకెలా ఉందమ్మా అని మాత్రం ఏ వీధిలోనూ ఎవరూ అడగలేదు.

మనవాళ్ళే ఇలా అనుకోకండి. 1873లో అమెరికాలో ఎడ్వర్డ్ క్లార్క్ అనే డాక్టరు, హార్వర్డులో పాఠాలు చెప్పినాయన, పుస్తకం రాసి మరీ బెదిరించాడు. ఆడపిల్లలు మగపిల్లలతో సమానంగా చదివితే శక్తంతా మెదడుకెక్కి గర్భాశయం చెడుతుందట! అక్కడి అంటు పేరు సైన్సు. దానికి జవాబు చెప్పింది మేరీ పట్నం జాకోబీ అనే లేడీ డాక్టరు. ఆవిడ చేసిన పని వింటే ఇంతేనా అనిపిస్తుంది. ఆడవాళ్ళనే అడిగింది. ప్రశ్నలు అచ్చేసి పంపితే 268 మంది జవాబులిచ్చారు. మూడోవంతుకు పైగా మాకు ఏ బాధా ఉండదన్నారు. కొందరి నాడి, కండబలం నెలపొడుగునా కొలిచి చూసి, ఆరోగ్యంగా ఉన్న మనిషి పని మానక్కర్లేదని తేల్చింది. నొప్పి పడేవాళ్ళకు మాత్రం వీలైనప్పుడు విశ్రాంతి ఇవ్వడం మానవత్వమని కూడా రాసింది. పేరు దాచి పంపిన ఆ వ్యాసానికి 1876లో అదే హార్వర్డు బాయిల్‌స్టన్ బహుమతి ఇచ్చింది.

ఆవిడ చెప్పిన రెండో మాట అందుకోవడానికే లోకానికి చాలాకాలం పట్టింది. కొచ్చి సంస్థానంలోని త్రిపుణితుర బాలికల స్కూలు 1912లో, పరీక్షల సమయంలో బయటచేరిన పిల్లలు తర్వాత రాసుకోవచ్చంది. జపాను 1947లో చట్టమే చేసింది. బీహారులో 1992 నుంచి ప్రభుత్వోద్యోగినులకు నెలకు రెండు రోజుల సెలవుంది. ఇలాంటి సెలవు దేశమంతా కావాలని అడిగితే, 2024లో సుప్రీంకోర్టు, నిర్బంధం చేస్తే అసలు ఆడవాళ్ళకి ఉద్యోగాలివ్వరేమోనని శంకించింది. ఆ శంక ఉత్తది కాదు. అలాగని నొప్పీ ఉత్తది కాదు కదా.

సెలవనే మాట తెలియని కూలి ఆడవాళ్ళు వేరే దారి చూసుకున్నారు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మొదటిసారి దేశమంతటా లెక్క తీస్తే, పదిహేనూ నలభై తొమ్మిదీ మధ్య వయసు ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు నూటికి ముగ్గురు. మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది, దేశంలోకెల్లా ఎక్కువ. సగానికి పైగా చెప్పిన కారణం అధిక రక్తస్రావం, నొప్పి. మందులతో తగ్గేవి అందులో ఎన్నో ఉంటాయి. అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు ముందే గుల్లబారతాయి.

రాజోలు వైపు నుంచి మా చుట్టాల చేలోకి నాట్లకొచ్చే ఒకావిణ్ణి అడిగాను, ఎందుకు తీయించుకున్నావని. వయసు ముప్పయ్యారు. "నెలనెలా మూడ్రోజుల కూలి పోతందండి. సంచి తీసేత్తే గొడవుండదన్నారండి" అంది. అది సార్వా కోతలయ్యాక చేయించుకుంది. దాళ్వా నాట్లకి మళ్ళీ చేలోకి దిగింది.